స్టేడియంలో సీటు లైసెన్సుకి పదివేల డాలర్లు: అన్న మాట కాదనలేకపోతున్నాను

కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి ఒక పాఠకుడు పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. పేర్లు, ఆఫీసు వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకి 41 ఏళ్లు. హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నారు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు. భార్య హెచ్‌-4 ఈఏడీ (జీవితభాగస్వామికిచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నారు. బాబుకి 12, పాపకి 7. బాబుకి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం, అందులోనూ శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అంటే మరీను. గుంటూరులో క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా పెరిగిన తండ్రికి ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో, పెనాల్టీ ఎందుకిచ్చారో కోవిడ్ రోజుల్లో టీవీ ముందు కూర్చోబెట్టి నేర్పింది వాడే. పోయినేడాది ఇద్దరూ రెండు మ్యాచ్‌లకి వెళ్లారు. "ఇంట్లో ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు స్టేడియంలో మూడు గంటలూ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు" అని రాశారు.

ఇప్పుడు ఆయన 'అన్న' అని పిలిచే మిత్రుడు టెక్సస్‌లోని ఆస్టిన్‌కి మారిపోతున్నారు. ఇద్దరిదీ ఒకే ఊరు. 2012లో ఈయన అమెరికాలో దిగినప్పుడు నెల రోజులు ఇంట్లో ఉంచుకుని, అపార్ట్‌మెంట్ లీజుకి హామీ సంతకం కూడా పెట్టిన మనిషి. ఆ అన్న దగ్గర శాంటాక్లారాలో ఫార్టీనైనర్స్ ఆడే లెవీస్ స్టేడియంలో రెండు సీట్ల లైసెన్సులు, అంటే ఆ సీట్లకి ఏటా టికెట్లు కొనుక్కునే హక్కులు ఉన్నాయి. పైఅంతస్తు, తూర్పు వైపు. ఒక్కొక్కటి 5,000 డాలర్లకి కొన్నారట. "కొన్న ధరకే, పదివేలకి ఇస్తాను. వేరేవాళ్లనైతే ఎక్కువ అడిగేవాణ్ణి. ఇది ఆస్తి, ఎక్కడికీ పోదు. వెళ్లని మ్యాచ్‌ల టికెట్లు అమ్ముకుంటే ఖర్చంతా వచ్చేస్తుంది, సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) టికెట్లకి కూడా దారి దొరుకుతుంది" అంటున్నారు. అంత డబ్బు ఒక్కసారి కష్టమైతే "లైసెన్సు నా పేరు మీదే ఉంచు, ఏటా బిల్లు నువ్వు కట్టు" అని మరో దారి కూడా చూపించారు.

ఏటా టికెట్ల బిల్లు రెండు సీట్లకి దాదాపు 3,000 డాలర్లు. భార్యకి ఇది ససేమిరా ఇష్టం లేదు. ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాస్తున్నారు, ఊళ్లో అత్తగారికి మోకాలి ఆపరేషన్ చేయించాలి, ఆఫీసులో లే ఆఫ్ అన్న మాట తరచూ వినిపిస్తోంది. "కూర్చునే కుర్చీకి పదివేలా?" అన్నారట ఆవిడ. అప్పట్నుంచీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఈ లైసెన్సు కొనడం లాభమా నష్టమా, వద్దనుకుంటే అన్నకి ఎలా చెప్పాలి అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాబుతో గడిపే ఆదివారాలు, అన్నకి మీరు పడ్డ రుణం, పదివేల డాలర్ల బేరం, ఈ మూడూ ఒకదానికొకటి చుట్టుకుపోయి మీకు ఊపిరాడటం లేదు. బేరం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే లెక్క తేలితే మిగతా రెండూ సగం తేలికవుతాయి.

మన ఊళ్లలో మంచి సెంటర్లో షాపు తీసుకోవాలంటే ముందు గుడ్‌విల్ కడతాం, ఆ తర్వాత నెలనెలా అద్దె మామూలే. సీటు లైసెన్సు కూడా అలాంటిదే. పదివేలు కట్టినంత మాత్రాన ఒక్క మ్యాచ్ కూడా చూడలేరు. ఫలానా సీటుకి ఏటా సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు మాత్రం వస్తుంది. హక్కుతోపాటు బాధ్యత కూడా వస్తుంది. ఏ సంవత్సరమైనా టికెట్ల బిల్లు గడువులోగా కట్టకపోతే లైసెన్సు పోగొట్టుకుంటారు, పెట్టిన డబ్బూ దాంతోపాటే పోతుంది.

ఈ పద్ధతి పెద్దయెత్తున మొదలైంది 1993లో, షార్లట్‌లో. కరోలైనా పాంథర్స్ స్టేడియం కట్టడానికి కావలసిన డబ్బులో పెద్ద భాగాన్ని ఇలా అభిమానుల దగ్గరే రాబట్టారు. అది చూసి మిగతా జట్లూ అదే దారి పట్టాయి. 2014లో తెరిచిన మీ లెవీస్ స్టేడియానికి కూడా ఈ లైసెన్సుల డబ్బే పెద్ద ఆధారం. అప్పట్లో చౌక సీటు 2,000 డాలర్లయితే, మైదానం మధ్యలో క్లబ్ సీటు 80,000 దాకా పలికింది. ఈ డబ్బు పోసింది స్టేడియం కట్టడానికి. కొన్నవాళ్లకి లాభం తెచ్చిపెట్టాలన్నది ఆ పథకం ఉద్దేశంలోనే లేదు. ఆ దృష్టితో చూస్తే మీ అన్న అంటున్న 'ఆస్తి' అన్న మాట కాస్త బరువు తగ్గుతుంది.

కొన్నిచోట్ల వీటి ధర పెరిగిన మాట నిజమే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ లాంటి జట్టుకి సీజన్ టికెట్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉంటారు, అక్కడ లైసెన్సుకి గిరాకీ తగ్గదు. కానీ న్యూజెర్సీలో ఆడే జెట్స్ జట్టు లైసెన్సులు 2010 ప్రాంతంలో వేలకి వేలు పోసి కొన్నవాళ్లు తర్వాత అందులో చిన్న భాగానికే వదిలించుకున్నారు. ఆ జట్టు ఏళ్ల తరబడి ప్లేఆఫ్స్ మొహం చూడకపోతే ఎవరు కొంటారు? ఓక్లండ్‌లో రెయిడర్స్ 1995లో అమ్మిన లైసెన్సులకి గడువే పదేళ్లు, ఆ తర్వాత వాటికి విలువ లేదు. సెయింట్ లూయిస్‌లో మరీ అన్యాయం. 1995లో రామ్స్ జట్టు తమ ఊరికి వస్తోందని సంబరపడి లైసెన్సులు కొన్నారు. 2016లో జట్టు లాస్ ఏంజిలస్‌కి వెళ్లిపోయింది. సీటుంది, ఆట లేదు. కోర్టుకెక్కి ఏళ్లు తిరిగాక కొంత డబ్బు వెనక్కి వచ్చేలా రాజీ కుదిరింది. ఫార్టీనైనర్స్ ఇప్పట్లో ఊరు వదిలి వెళ్తుందని నేననుకోను. కానీ మీ సీటు విలువ మీ చేతిలో లేని సంగతుల మీద ఆధారపడి ఉంటుందని మీకు తెలియాలి.

ఇక మీ లెక్కే వేద్దాం. బాబుకి 12. పద్దెనిమిదికి కాలేజీకి వెళ్తాడు, ఏ ఊళ్లోనో తెలీదు. అంటే మీ ఇద్దరికీ ఉన్నది ఆరు సీజన్లు. లైసెన్సు 10,000, ఆరేళ్ల టికెట్లు 18,000, మొత్తం 28,000 డాలర్లు. సీజన్ టికెట్‌లో పది మ్యాచ్‌లుంటాయి. అందులో ఒకటో రెండో ప్రీసీజన్‌వి, అంటే పెద్ద ఆటగాళ్లు కాసేపు కనిపించి కూర్చుండిపోయే మ్యాచ్‌లు. వాటికీ డబ్బు కట్టాలి, అమ్మబోతే మాత్రం సగం ధర కూడా రావడం కష్టం. మీరు ఏటా ఐదు మ్యాచ్‌లకి వెళ్లి ఐదు అమ్ముతారనుకుందాం. వెబ్‌సైటు కమీషన్ పోను, ప్రీసీజన్ నష్టం కలుపుకుని, టికెట్టుకి సగటున 120 డాలర్లు చేతికొస్తే ఏటా 1,200, ఆరేళ్లకి 7,200. మీ జేబులోంచి పోయింది 20,800. చివర్లో లైసెన్సు పూర్తి ధరకి అమ్ముడుపోతే ఖర్చు 10,800కి దిగుతుంది, సగానికి పోతే 15,800, అసలు కొనేవాడే లేకపోతే 20,800.

అదే ఐదు మ్యాచ్‌లకి విడిగా టికెట్లు కొంటే? పోయినేడాది టికెట్టుకి సుమారు 250 పెట్టానని రాశారు. ఆ లెక్కన ఏటా 2,500, ఆరేళ్లకి 15,000. టికెట్ల ధరలు రెండు వైపులా పెరుగుతాయి కాబట్టి ఆ పెరుగుదల వదిలేశాను.

కాబట్టి ఏటా ఐదు మ్యాచ్‌లైతే రెండు దారులూ దాదాపు సమానం. మూడింటికే వెళ్లగలిగితే విడిగా కొన్నా ఆరేళ్లకి తొమ్మిది వేలే. లైసెన్సు తీసుకుంటే, దాన్ని సగం ధరకి అమ్ముకున్నా పన్నెండు వేలు దాటుతుంది. ఎనిమిది మ్యాచ్‌లకి తప్పకుండా వెళ్తామంటే లైసెన్సు వైపే కాస్త మొగ్గు కనిపిస్తుంది. అందుకని మీరు నిజాయితీగా తేల్చుకోవలసింది ఒక్కటే: ఏడాదిలో ఎన్నిటికి వెళ్లగలరు?

క్యాలెండర్ ముందేసుకుని కూర్చోండి. దసరా, దీపావళి ఈ సీజన్లోనే వస్తాయి. పాప డాన్సు ప్రోగ్రాములు, బాబు సొంత ఆటల టోర్నమెంట్లు, వారాంతపు తెలుగు బడి, థాంక్స్‌గివింగ్ ప్రయాణం. డిసెంబరులో ఇండియా వెళ్లే ఏడాదైతే సీజన్లో మంచి మ్యాచ్‌లు అప్పుడే పోతాయి. మ్యాచ్‌లన్నీ ఆదివారం మధ్యాహ్నమే ఉండవు కూడా. సోమవారం, గురువారం రాత్రి మ్యాచ్‌లు సాయంత్రం 5:15కి మొదలవుతాయి, ఇంటికొచ్చేసరికి పదవుతుంది, మర్నాడు స్కూలు. అప్పుడు మీ ఆవిడ ఏమంటారో నాకంటే మీకే బాగా తెలుసు.

మరో సంగతి. ఆ స్టేడియంలో సూట్ల (ప్రత్యేక గదుల) టవర్ పడమర వైపు ఉంది. సెప్టెంబరులో మధ్యాహ్నం మ్యాచ్ అంటే నీడ ఆ వైపువాళ్లకి, ఎండ మొత్తం తూర్పు సీట్లకి. ఒంటి గంట దాటాక మొదలైన ఆట నాలుగున్నర దాకా సాగుతుంది. ఎండ ఎదురుగా మొహం మీదే కొడుతుంది, బంతి గాల్లోకి లేస్తే చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి. టోపీలు, తడిగుడ్డలు మెడకి చుట్టుకుని కూర్చుంటారు జనం, చాలామంది మూడో క్వార్టర్‌కల్లా లేచి నీడ కోసం సీట్ల వెనకున్న కాన్‌కోర్స్‌లోకి వెళ్లిపోతారు. మీ అన్న చూపిస్తున్న సీట్లు సరిగ్గా ఆ వైపే. అవి కొనుక్కునేవాళ్లు కూడా ఆ సంగతి తెలిసే బేరమాడతారు.

టికెట్లు అమ్ముకుంటే ఖర్చంతా వచ్చేస్తుందన్న మాట జట్టు గెలుస్తున్నప్పుడు నిజం. 2019 సీజన్లోనూ, 2023 సీజన్లోనూ ఫార్టీనైనర్స్ సూపర్ బౌల్ దాకా వెళ్లారు. అలాంటి ఏడాదిలో బయట టికెట్ దొరకదు, మీకు మాత్రం అసలు ధరకే వస్తుంది, ప్లేఆఫ్ టికెట్లు విడిగా బిల్లు కట్టి కొనుక్కునే హక్కూ ఉంటుంది. ఆ ఆనందం తక్కువేమీ కాదు. కానీ ఇదే జట్టు 2016లో పదహారు మ్యాచ్‌లలో రెండు గెలిచింది, 2018లో నాలుగు. అలాంటి ఏడాది బయట కొనేవాడు సగం ధరకి వచ్చి మీ పక్క సీట్లో కూర్చుంటాడు. మీరు మాత్రం అంతకు ముందే పూర్తి బిల్లు కట్టేసి ఉంటారు. సూపర్ బౌల్ సంగతి కూడా చెప్తున్నాను: ఆ టికెట్లు లీగ్ చేతిలో ఉంటాయి, జట్టుకి వచ్చే కొద్ది వాటాని సీజన్ టికెట్లున్నవాళ్లకి లాటరీ తీసి ఇస్తారు. ఆ ఆశ మీద పదివేలు పెట్టకండి.

పన్ను సంగతీ తెలుసుకోండి. లైసెన్సు లాభానికి అమ్మితే లాభం మీద పన్ను కట్టాలి. సొంత సరదాకి కొన్నది నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో తగ్గించుకోలేరు. క్లయింట్లని తీసుకెళ్లి బిజినెస్ ఖర్చు కింద చూపించుకుంటామంటే 2018 నుంచి ఆ వీలూ లేదు.

మీ వీసా గురించి గట్టిగా చెప్పాలి. రాలేని మ్యాచ్ టికెట్లు అప్పుడొకటి ఇప్పుడొకటి అమ్ముకోవడం వేరు. ఏటా సగం టికెట్లు లాభానికి అమ్మి దాంతో ఖర్చు రాబట్టడమే ప్లానుగా పెట్టుకోవడం వేరు. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లు రెండో రకంలోకి దిగే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడి తీరాలి. గ్రీన్ కార్డు దాకా వచ్చిన ఫైలుని ఫుట్‌బాల్ టికెట్ల కోసం ప్రశ్నార్థకం చేసుకోకండి. ఇక ఉద్యోగం పోతే మీకు ఉండేది మహా అయితే 60 రోజుల గ్రేస్ పీరియడ్, అంటే దేశంలో ఉండనిచ్చే గడువు. ఆ అరవై రోజుల్లో కొత్త ఉద్యోగమే వెతుక్కుంటారా, లైసెన్సుకి బేరమే వెతుక్కుంటారా? తొందరలో అమ్మేవాడికి మంచి ధర రాదు. మీ ఆవిడ భయం పిసినారితనం నుంచి వచ్చింది కాదు. ఈ సంగతులన్నీ ఆవిడ ఒక్క కుర్చీ మాటలో అనేశారు, అంతే.

మీ అన్న మిమ్మల్ని మోసం చేస్తున్నారని నాకు అనిపించడం లేదు. ఆయన నిజంగానే అది మంచి ఆస్తి అని నమ్ముతుండవచ్చు. కానీ ఆయన పరిస్థితి కూడా చూడండి. ఆస్టిన్ వెళ్లిపోతున్నారు, అక్కణ్ణుంచి మ్యాచ్‌లకి రాలేరు, వచ్చే బిల్లు గడువులోగా కట్టకపోతే లైసెన్సు పోతుంది. తొందర ఆయనది, మీది కాదు. కొన్న ధరకే ఇస్తున్నానన్న మాట కూడా మీకు చేసిన మేలో కాదో ఇప్పుడే చెప్పలేం, ఎందుకంటే ఆయన ఎంతకి కొన్నారన్నదానికీ ఇవాళ అది ఎంత చేస్తుందన్నదానికీ సంబంధం లేదు. లైసెన్సులు చేతులు మారే వెబ్‌సైట్లు ఉన్నాయి. అదే సెక్షన్, దగ్గర వరసల సీట్లు ఈ మధ్య ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి. అడుగుతున్న ధరలు చూసి మోసపోకండి, అమ్ముడైన ధరలు చూడండి.

పేరు ఆయనదే ఉంచి బిల్లు మీరు కట్టే ఏర్పాటుకి మాత్రం ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. టికెట్లు ఆయన ఫోన్లోకి వస్తాయి, ప్రతి మ్యాచ్‌కీ ఆయన పంపాలి. ప్లేఆఫ్ ఆఫర్ ఆయన ఈమెయిల్‌కి వస్తుంది, గడువు దాటిపోవచ్చు. రేపు ఆయనకి అప్పులో, ఇంట్లో గొడవలో వస్తే ఆ లైసెన్సు ఆయన ఆస్తి లెక్కలోకే పోతుంది. నాలుగేళ్లు డబ్బు కట్టాక, ధర పెరిగితే ఆ పెరుగుదల ఎవరిది? ఇలాంటి ప్రశ్న దగ్గర ఇరవై ఏళ్ల స్నేహాలు కూడా తెగిపోయాయి. కొంటే మీ పేరుకి అధికారికంగా బదిలీ చేయించుకోండి. బదిలీ రుసుము ఎవరు కట్టాలి, పాత బాకీ ఏమైనా ఉందా, ఈ ఏడాది బదిలీకి గడువెప్పుడు అన్నవి డబ్బు చేతులు మారకముందే రాతలో తేల్చుకోండి.

నా దృష్టిలో మీ ముందు ఇంకో దారి ఉంది. లైసెన్సు ఆయనదే, కానీ ఈ ఒక్క సీజన్లో మీకు వీలైన నాలుగైదు మ్యాచ్‌ల టికెట్లు ఆయన దగ్గర అసలు ధరకి కొనండి. ఆయన బిల్లులో సగం భారం తగ్గుతుంది, లైసెన్సు నిలుస్తుంది, మిగతా మ్యాచ్‌లు ఆయన వేరేవాళ్లకి అమ్ముకుంటారు. మీకు ఆ సీట్లూ, ఆ ఎండా, గురువారం రాత్రులూ, బాబు ఉత్సాహం డిసెంబరు దాకా నిలబడుతుందా అన్నదీ తెలుస్తాయి. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. ఏడాది తర్వాత మీకు కావాలనిపిస్తే అప్పటికి ఆయన ఇంకెవరికో అమ్మేసి ఉండవచ్చు, జట్టు బాగా ఆడితే ధర పెరిగి ఉండవచ్చు. కానీ మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో నేనైతే ఆ రిస్కే తీసుకుంటాను. అలా పోయినా మరో రెండు సీట్లు దొరుకుతాయి, అరవై ఎనిమిది వేల సీట్లున్న స్టేడియం అది.

అసలు ఏదీ కొనకుండా ఏటా ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టుకుని విడిగా టికెట్లు కొనుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు. మ్యాచ్ రోజు ఉదయం దాకా ఆగితే ధరలు తరచుగా తగ్గుతాయి. సన్నీవేల్ నుంచి వీటీఏ లైట్ రైలెక్కితే పార్కింగ్ ఖర్చూ మిగులుతుంది. ఏ మ్యాచ్‌కి వెళ్లాలో బాబే ఎంచుకుంటాడు, వాడికి అదో పెద్ద పని. బాబు మీతో మాట్లాడింది మీరు పక్కన కూర్చున్నారని. సెక్షన్ నంబరు మారినా ఆ మాటలు ఆగవు. పాపని కూడా ఒకసారి తీసుకెళ్లండి, ఉత్తరంలో ఆమె ప్రస్తావన ఒక్క వాక్యమే ఉంది.

ముందు మీ ఆవిడతో కూర్చోండి. కొనాలా వద్దా అని అడిగితే మళ్లీ అదే గొడవ. డౌన్ పేమెంట్‌కి ఇంత, అత్తగారి ఆపరేషన్‌కి ఇంత, ఉద్యోగం పోతే ఆరు నెలలకి ఇంత అని పక్కన పెట్టాక మిగిలిన దాంట్లో ఏటా బాబు ఆటకి ఎంత ఇవ్వగలమో ఆవిడనే చెప్పమనండి. ఆ అంకె మూడువేలకి దగ్గరగా వస్తే లైసెన్సు గురించి మాట్లాడుకోవచ్చు. వెయ్యి అంటే విషయం తేలిపోయినట్టే. పై లెక్క కాగితం ఆవిడకి చూపించండి, మీ వైపు వాదనగా కాకుండా ఇద్దరూ కలిసి దిద్దుకునేదిగా.

అన్నకి ఫోన్లో చెప్పకండి, ఆయన ప్రయాణమయ్యేలోపు ఇంటికి భోజనానికి పిలవండి. 2012లో ఆయన చేసిన సాయానికి మీరు ఏనాడూ సరిగా కృతజ్ఞత చెప్పలేదేమోననిపించింది మీ ఉత్తరం చదివితే. ఆ మాట ఆ రోజు చెప్పండి, పిల్లల ముందు చెప్పండి. ఆ తర్వాత బేరం మాట విడిగా ఎత్తండి. "అన్నా, పదివేలు ఇప్పుడు మాకు కుదరదు. ఈ సీజన్ నాలుగు మ్యాచ్‌లు నీ దగ్గరే కొంటాను, డబ్బు ముందే ఇచ్చేస్తాను. ఈలోపు మంచి ధర వస్తే నాకోసం ఆగకుండా అమ్మేసెయ్" అనండి. ఆయన బిల్లు గడువు ఎప్పుడో అడిగి తెలుసుకుని, దానికి కనీసం రెండు వారాల ముందే ఈ మాట చెప్పేయండి, ఇంకొకర్ని వెతుక్కునే టైమ్ ఆయనకి ఉండాలి.